దొరికితే దొంగ, దొరక్కపోతే దొర

లండన్ యూనివర్సిటీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వెల్డన్ అనే ప్రొఫెసర్ 1894 ఫిబ్రవరిలో గణాంక శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్‌కి ఒక ఉత్తరం రాశాడు. విషయం పాచికలు. పన్నెండు పాచికలు ఒకేసారి వేయడం, ఎన్నిటి మీద ఐదో ఆరో పడిందో రాసుకోవడం, మళ్లీ వేయడం. అలా 26,306 సార్లు. విడివిడిగా లెక్కేస్తే 3,15,672 పాచికలు పడ్డట్టు. పాచిక నికార్సయినదైతే అందులో మూడో వంతు, అంటే 1,05,224 చోట్ల ఐదో ఆరో కనపడాలి. కనపడింది 1,06,602 చోట్ల. తేడా 1,378. మూడు లక్షల పైచిలుకులో ఈ పదమూడు వందల చిల్లరని పట్టించుకోవాలా, పోనిమ్మనాలా? పైగా ఆ విసుర్లలో 7,006 కాలేజీ గుమాస్తా ఒకాయన వేసి రాసినవి. అదే కాలేజీలో లెక్కలు చెప్పే కార్ల్ పియర్సన్‌కి ఆ గుమాస్తా లెక్క మీద నమ్మకం కుదరలేదు. ఆ తగువు మీద మీరేమంటారని వెల్డన్ గాల్టన్‌ని అడిగాడు.

లోకం ఎలా నడుస్తోందో మనమొక ఊహ కడతాం. దానికి మోడల్ అని పేరు. లోకంలోకి వెళ్లి లెక్క పెడితే ఇంకేదో వస్తుంది. రెంటికీ మధ్య తేడా లేని రోజంటూ ఉండదు. మరి ఎంత తేడా వస్తే ఊహ తప్పినట్టు? ఈ ప్రశ్న వెంట పడ్డ మూడు వందల ఏళ్లని వెనక్కి తిరిగి చూస్తే నాకది పోలీసు కథలా కనపడుతుంది. మోడల్ నిజమని సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినవన్నీ పట్టుకునే పరీక్షలే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

మొదట పట్టుకున్నవాడు డాక్టర్. ఇంగ్లండు రాణి ఆన్‌కి వైద్యం చేసిన జాన్ ఆర్బత్‌నాట్, లండన్‌లో 1629 నుంచి 1710 దాకా బాప్తిస్మం పొందిన పిల్లల లెక్క తీశాడు. 82 ఏళ్లు. ఏ ఒక్క ఏడాదీ ఆడపిల్లల సంఖ్య మగపిల్లల్ని దాటలేదు. మగా ఆడా బొమ్మా బొరుసూ లాగా సరిసమానమైతే, వరుసగా 82 ఏళ్లు బొమ్మే పడే అవకాశం ఎంత? 48 పక్కన 23 సున్నాలు పెడితే ఎంతో, అందులో ఒక వంతు. కాబట్టి ఇది గుడ్డి అదృష్టం కాదన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. మగవాళ్లు పనుల్లో ప్రమాదాలకి ఎక్కువగా పోతారు గనక దేవుడే ముందుచూపుతో మగపిల్లల్ని కాస్త ఎక్కువ పంపుతున్నాడని తేల్చి, తన వ్యాసానికి ఆ పేరే పెట్టాడు. ఒక మోడల్ దొంగని తేలగానే, ఖాళీ అయిన కుర్చీలో తనకి నచ్చినవాణ్ణి కూర్చోబెట్టాడన్నమాట. ఆ తర్వాత కొద్ది ఏళ్లకి నికోలస్ బెర్నూలీ దీన్ని నేల మీదికి దించాడు. 35 ముఖాల పాచిక ఒకటి ఊహించుకోండి, 18 ముఖాలు మగ, 17 ఆడ. లండన్ లెక్క దానితో చక్కగా కుదురుతుంది, దేవుణ్ణి శ్రమ పెట్టక్కర్లేదు అన్నాడు. ఆర్బత్‌నాట్ చేసిన పొరపాటు నేటికీ రోజూ జరుగుతూనే ఉంది. పాత మోడల్ కూలితే చాలు, కొత్త మోడల్ రుజువైపోయిందని సంబరపడేవాళ్లు ఏ పరిశోధన పత్రికలో చూసినా దొరుకుతారు.

పందొమ్మిదో శతాబ్దమంతా కంటి తీర్పే. బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు కెత్లే 5,738 మంది స్కాట్లండు సైనికుల ఛాతీ కొలతలు తీసుకుని, గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్ పక్కన పెట్టి, 1846లో అచ్చేశాడు. చూశారా, ఎంత బాగా అతికిందో! అంతే. ఎంత బాగా అంటే, కంటికి ఆనేంత బాగా. ఆయన దగ్గర్నుంచి ఎత్తు కొలిచినా, తుపాకీ గురి కొలిచినా, నక్షత్రం చోటు కొలిచినా అందరికీ ఆ గంటే కనపడసాగింది.

1900 జూలైలో పియర్సన్ ఈ కంటి తీర్పు మెడ పట్టుకున్నాడు. ఫిలసాఫికల్ మ్యాగజీన్‌లో ఆయన రాసిన వ్యాసం పేరే ఒక పేరాగ్రాఫంత ఉంటుంది, లోపలి ఆలోచన మాత్రం కూరగాయల బేరమంత సులువు. మోడల్ ప్రకారం రావాల్సినవి ఎన్ని, నిజంగా వచ్చినవి ఎన్ని? తేడాని వర్గం చెయ్యి. అప్పుడు ఎక్కువైనా తక్కువైనా ఒకటే. రావాల్సిన సంఖ్యతో భాగించు. ఎందుకంటే వెయ్యిలో పది తగ్గితే పెద్ద విషయం కాదు, ఇరవైలో పది తగ్గితే కొంప మునిగినట్టే. అన్ని గళ్లకీ అలా చేసి కూడు. ఆ మొత్తానికి కై-స్క్వేర్ అని పేరు. ఆ సంఖ్య ఎంత పెరిగితే ఎంత అనుమానించాలో చెప్పే సూత్రం జర్మనీలో హెల్మెర్ట్ పాతికేళ్ల ముందే రాసిపెట్టాడు. పియర్సన్‌కి ఆ సంగతి తెలియదు. తనంతట తానే మళ్లీ తవ్వుకున్నాడు.

వెల్డన్ పాచికల్ని ఇందులో వేస్తే కై-స్క్వేర్ 43.87 వచ్చింది. పాచిక నికార్సయినదైతే ఇంత తేడా రావడానికి అవకాశం లక్షకి ఒకటిన్నర పాటి: 62,499కి ఒకటి పందెం. పాచిక దొరికిపోయింది. చుక్కల కోసం ముఖం మీద గుంటలు తవ్వుతారు కదా. ఆరు చుక్కల వైపు ఎక్కువ గుంటలు, ఎక్కువ తేలిక, కాబట్టి అది పైకి తేలుతుందని ఒక వివరణ. పియర్సన్ అక్కడ ఆగలేదు. మూడో వంతు బదులు నిజంగా వచ్చిన 0.3377 పెట్టి మళ్లీ లెక్కించాడు. ఈసారి పన్నెండు శాతం అవకాశం తేలింది, అభ్యంతరం లేదు. అదే వ్యాసంలో అప్పటి పాఠ్యపుస్తకాల్లో గంట ఆకారానికి సాక్ష్యంగా చూపే ఉదాహరణల్ని కూడా పరీక్షకి నిలబెట్టాడు. మెరిమన్ పుస్తకంలోని తుపాకీ గురి లెక్క నిలవలేదు. ఏళ్ల తరబడి విద్యార్థులకి ఆదర్శంగా చూపిన అతుకు, తీరా కొలిస్తే అతకనే లేదు.

లెక్క చేతికి తగలాలంటే పాచికల కన్నా బాంబులు మేలు. 1944లో జర్మన్లు లండన్ మీదికి వి-1 బాంబులు వదిలారు. కొన్ని పేటల్నే గురిపెట్టి కొడుతున్నారని జనం గట్టిగా నమ్మారు. ఆర్.డి. క్లార్క్ అనే బీమా లెక్కల నిపుణుడు దక్షిణ లండన్‌లో 144 చదరపు కిలోమీటర్ల మేర తీసుకుని 576 గళ్లుగా కోశాడు. పడ్డ బాంబులు 537. అంటే గడికి సగటున 0.93. బాంబులు గుడ్డిగా పడుతుంటే ఏ గడిలో ఎన్ని పడాలో చెప్పడానికి పాయిజాన్ సూత్రం ఉంది. ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయినవాళ్ల లెక్కని 1898లో బోర్ట్‌కీవిచ్ పెట్టింది ఆ సూత్రంలోనే. గిన్నెస్ బీరు కంపెనీలో గాసెట్ 1907లో ఈస్ట్ కణాల్ని లెక్కపెట్టిందీ దానితోనే.

ఆ సూత్రం ప్రకారం ఒక్క బాంబూ పడని గళ్లు 226.74 ఉండాలి, ఉన్నవి 229. ఒక్కటి పడ్డవి 211.39 ఉండాలి, ఉన్నవి 211. రెండు పడ్డవి 98.54కి 93. మూడు పడ్డవి 30.62కి 35. నాలుగు పడ్డవి 7.14కి 7. ఐదు, ఆపైన పడ్డవి 1.57కి 1, ఆ ఒక్క గడిలో పాపం ఏడు పడ్డాయి. కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. మొదటి గడిలో తేడా 2.26, దాని వర్గం 5.1, దాన్ని 226.74తో భాగిస్తే 0.02. రెండోది దాదాపు సున్నా. మూడోది 0.31. నాలుగోది 0.63, అన్నిటికన్నా పెద్దది. మిగతా రెండూ కలిపి 0.21. మొత్తం 1.17. గుడ్డిగా పడే బాంబులు కూడా నూటికి 88 సార్లు ఇంతకన్నా ఎక్కువ తేడానే చూపిస్తాయి. గురి లేదు, పేట లేదు. మూడేసి, నాలుగేసి ఒకే చోట పడడం అదృష్టం సహజంగా గుంపు కట్టే తీరే. క్లార్క్ 1946లో ఒకే ఒక్క పేజీలో ఇదంతా రాసి ముగించాడు. అంత పొదుపుగా రాసిన గణాంక వ్యాసం నేను మరొకటి చూడలేదు.

ఈ లెక్కలో ఒక మెలిక దాటేశాను. కై-స్క్వేర్ 1.17 ఎక్కువా తక్కువా అనేది గళ్ల రకాలెన్ని అనేదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ఆరు రకాలు. మొత్తం 576 కావాలని ముందే ఖాయం గనక ఒకటి పోతుంది. ఇక్కడిదాకా పియర్సన్‌కి తెలుసు. గడికి 0.93 అనే సగటు మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? అదే లెక్కలోంచి. దొంగ కొలతలు తీసుకుని దొంగకే చొక్కా కుట్టి, సరిపోయిందా అని చూస్తున్నాం. ఎంతో కొంత సరిపోదా మరి! దానికి ఇంకొకటి తీసేయాలి. మిగిలేవి నాలుగు. వీటినే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. ఈ రెండోదాన్ని తీసేయాలన్న సంగతి పియర్సన్ ఒప్పుకోలేదు. పాచికలకి 0.3377 పెట్టి మళ్లీ వేసిన లెక్కలోనూ తీసేయలేదు.

దీని మీద జరిగిన పోరు మామూలుది కాదు. 1915లో గ్రీన్‌వుడ్, యూల్ టైఫాయిడ్, కలరా టీకాల లెక్కలు పరిశీలిస్తూ వింత గమనించారు. టీకా వేసుకున్నవాళ్లు, వేసుకోనివాళ్లు. జబ్బు పడ్డవాళ్లు, పడనివాళ్లు: నాలుగే గళ్లు. ఒకే లెక్కని రెండు పద్ధతుల్లో వేస్తే రెండు తీర్పులు వస్తున్నాయి. ఎందుకో వాళ్లు తేల్చలేకపోయారు. 1922లో ఫిషర్ అనే ముప్పై రెండేళ్లవాడు తేల్చాడు. అడ్డం మొత్తాలూ నిలువు మొత్తాలూ తెలిసిపోయాక ఒక్క గడి నింపితే చాలు, మిగతా మూడూ వాటంతటవే నిండుతాయి. కాబట్టి స్వేచ్ఛ ఒక్కటే. పియర్సన్ చెప్పే మూడు తప్పు. మూడు అనుకోవడం వల్ల పట్టుకోవాల్సిన తేడాల్ని వదిలేస్తున్నారు. పియర్సన్ అప్పటికి ఆ రంగానికి పెద్దమనిషి, సొంత పత్రిక బయోమెట్రికాకి సర్వాధికారి. ఫిషర్‌ని గాలిమరల మీదికి ఈటె పట్టుకుని ఉరికిన డాన్ క్విక్సోట్‌తో పోల్చి పారేశాడు.

తీర్పు ఇంట్లోంచే వచ్చింది. పియర్సన్ కొడుకు ఈగన్ వేరే పని మీద అలాంటి నాలుగు గళ్ల పట్టికలు 11,688 తయారు చేసి, 1925లో తండ్రి పత్రికలోనే అచ్చేశాడు. 1926లో ఫిషర్ వాటన్నిటికీ కై-స్క్వేర్ వేసి సగటు తీశాడు. తండ్రి మాట నిజమైతే సగటు 3 రావాలి. ఫిషర్ మాట నిజమైతే 1. వచ్చింది 1.00001.

ఇక్కడ నాకో చిలిపి అనుమానం ఉంది. పదకొండు వేల పైచిలుకు పట్టికల సగటు 1 చుట్టూ తిరుగుతుంది, సరే. కానీ దశాంశం తర్వాత రెండో అంకె దగ్గరే అటూఇటూ ఊగాలి. 1.01 వస్తే ఎవరూ నొచ్చుకోరు. ఐదో అంకె దాకా అంత బిగువుగా రావడం పదివేలల్లో ఓ ఆరేడుసార్లు జరిగే ముచ్చట. ఫిషర్ మోసం చేశాడని నేననను, అదృష్టం ఉండొచ్చు. కానీ పదేళ్ల తర్వాత ఇదే ఫిషర్ ఇదే అనుమానాన్ని ఇంకొకరి మీద పెట్టాడు, అదీ తమాషా.

ఆ ఇంకొకరు గ్రెగర్ మెండెల్. బ్రూన్ మఠంలో బఠానీ మొక్కలు పెంచి 1866లో వంశపారంపర్యానికి సూత్రాలు చెప్పిన సన్యాసి. గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850. పసుపువి 6,022, ఆకుపచ్చవి 2,001. మూడుకి ఒకటి చొప్పున రావాలన్న సూత్రానికి అంటిపెట్టుకుని ఉన్న లెక్కలు. ఇవి మరీ బాగున్నాయేమిటని మొట్టమొదట 1902లోనే సందేహించింది ఎవరనుకున్నారు? మన పాచికల వెల్డనే. 1936లో ఫిషర్ మెండెల్ ప్రయోగాలన్నీ కలిపి కై-స్క్వేర్ వేశాడు. 84 డిగ్రీల మీద 41.6 వచ్చింది, సాధారణంగా 84 చుట్టుపక్కల ఉండాల్సింది. మెండెల్ సూత్రం నూటికి నూరుపాళ్లూ నిజమే అనుకున్నా, ఇంత తక్కువ తేడా రావడం లక్షలో ఏడుసార్ల ముచ్చట.

అందులో అసలు గుచ్చుకునే ముల్లు ఒకటుంది. పైకి ఒకేలా కనపడే మొక్కల్లో ఏది శుద్ధం, ఏది మిశ్రమం అని తెలుసుకోవడానికి మెండెల్ ఒక్కో మొక్క నుంచి పదేసి పిల్ల మొక్కలు పెంచి చూశాడు. పదీ ఒకేలా ఉంటే శుద్ధం. కానీ మిశ్రమ మొక్క పిల్లలు పదీ అనుకోకుండా ఒకేలా ఉండే అవకాశం కూడా ఉంది: మూడు బై నాలుగుని పదిసార్లు గుణించండి, 0.056. కాబట్టి 600 మొక్కల్లో 400 మిశ్రమమైతే ఇరవై రెండో ఇరవై మూడో శుద్ధంలోకి పొరపాటున చేరాలి. అంటే మెండెల్‌కి 222.5, 377.5 రావాలి. ఆయన రాసుకున్నది 201, 399. ఆయన మనసులో ఉన్న 200, 400కి ఒక్కటే దూరం. లెక్క ప్రకృతితో కుదరలేదు, తోటమాలి ఆశతో కుదిరింది. గురువుగారికి ఏం కావాలో బాగా తెలిసిన శిష్యుడెవరో ఈ పని చేసుంటాడని ఫిషర్ ఊహ. ఆ వాదం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. పది మొక్కలకన్నా ఎక్కువే పెంచి ఉంటాడని వాదించేవాళ్లూ ఉన్నారు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్ రికార్డు రాసినవాళ్లకి ఇది కొత్త కాదు. నాణేన్ని వందసార్లు ఎగరేసే ఓపిక లేక హాస్టల్ గదిలో కూర్చుని 51, 49 అని నింపేసిన రికార్డులు ఎన్ని లేవు! తరగతి మొత్తానికీ 48 నుంచి 52 మధ్యే వస్తే, దిద్దే మాస్టారికి కై-స్క్వేర్ అక్కర్లేదు.

ఈ కథలోకి తెలుగువాడు వచ్చేది ఇక్కడే. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. 1920లో హూవినహడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పట్టా పుచ్చుకున్నారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు. 1941లో కలకత్తాలో మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1946లో కేంబ్రిడ్జి పంపితే, పగలు మ్యూజియంలో సూడాన్ నుంచి తవ్వి తెచ్చిన ఎముకల కొలతలు, మిగతా సమయంలో ఫిషర్ దగ్గర పరిశోధన. 1948లో వచ్చింది రావు స్కోరు పరీక్ష.

దాని ఆలోచన ఇది. మోడల్ ఎంత సమంజసమో చెప్పే ఒక కొండ ఊహించుకోండి. శిఖరం మీద ఉన్నది లెక్కలకి అన్నిటికన్నా బాగా అతికే మోడల్. మీరు పరీక్షించే మోడల్ ఆ కొండ మీద ఎక్కడో ఒక చోట నిలబడి ఉంది. శిఖరం ఎక్కడుందో వెతుక్కుంటూ పోనక్కర్లేదు. కాళ్ల కింద నేల చదునుగా ఉందా, వాలుగా ఉందా చూస్తే చాలు. వాలు ఎక్కువుంటే శిఖరం ఇంకెక్కడో ఉన్నట్టు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇదెంత శ్రమ తప్పించిందో ఊహించుకోవచ్చు. గళ్ల లెక్కకి ఈ పరీక్ష కడితే చేతికొచ్చేది అచ్చంగా పియర్సన్ కై-స్క్వేరే. అర్ధశతాబ్దం కింద పియర్సన్ ఒక కిటికీలోంచి చూసినదానికి రావు గారు ఇల్లంతా కట్టి చూపారు. తర్వాత ఆర్థికశాస్త్రంవాళ్లు దీన్నే లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అని వేరే పేరుతో వాడుకున్నారు. 1980లో హార్కే, బేరా కట్టిన నార్మాలిటీ పరీక్ష ఈ చెట్టు కొమ్మే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న ఏడాదే, 102 ఏళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు. బహుమతి ప్రకటనలు ఎక్కువగా ఆయన 1945లో రాసిన వేరే వ్యాసం చుట్టూ తిరిగాయి. స్కోరు పరీక్షకి మన పత్రికల్లో రావాల్సినంత చోటు రాలేదని నా ఫిర్యాదు.

గళ్లే లేకుండా పరీక్షించే దారి ఒకటి మాస్కో నుంచి వచ్చింది. కొలతల్ని చిన్న నుంచి పెద్దకి పేర్చి మెట్లదారిలా గీయండి. మోడల్ గీసే నున్నటి వంపు పక్కన పెట్టండి. రెంటి మధ్య అన్నిటికన్నా పెద్ద ఎడం ఎంతో చూడండి. కోల్మొగొరోవ్ 1933లో ఇటలీ బీమా లెక్కలవాళ్ల పత్రికలో దీన్ని అచ్చేశాడు, స్మిర్నోవ్ పట్టికలు కట్టాడు. సొగసైన పద్ధతి. కానీ వాడేవాళ్లు మోడల్ సగటునీ విస్తృతినీ అదే లెక్కలోంచి తీసుకుని, పట్టిక మాత్రం పాతదే చూసేవారు. దొంగ కొలతలకి చొక్కా కుట్టే పాత రోగమే. 1967లో లిల్లీఫోర్స్ వేరే పట్టిక కట్టేదాకా చాలామంది దొంగలు దొరలుగా తిరిగారు.

ఇంతలో ఇంకో వైపు నుంచి గొడవ. మేయో క్లినిక్‌లో పనిచేసే బెర్క్‌సన్ 1938లో అడిగిన ప్రశ్న అమాయకంగా ఉంటుంది. లెక్కలు లక్షల్లో ఉంటే ఏ నార్మల్ కర్వూ కై-స్క్వేర్ ముందు నిలవదు. నిలవదని ముందే తెలిసినప్పుడు పరీక్షెందుకు? నిజమే. కొలతలు ముప్పై ఉంటే ప్రతి మోడలూ దొర. మూడు లక్షలుంటే ప్రతి మోడలూ దొంగ. పరీక్ష మోడల్‌ని ఎంత కొలుస్తోందో, మన దగ్గరున్న కాగితాల బరువుని అంతే కొలుస్తోంది. దీనికి సూటిగా జవాబు దొరకలేదు కాబట్టి ప్రశ్నే మార్చుకున్నారు. 1970ల్లో జపాన్‌లో అకాయికే, ఇది నిజమా అని అడగడం మానేసి, ఉన్న మోడళ్లలో దేనితో తక్కువ నష్టపోతాం అని అడిగాడు. ఇప్పటి మెషీన్ లెర్నింగ్‌వాళ్లు కొన్ని లెక్కల్ని పక్కన దాచిపెట్టి, మోడల్‌కి చూపించకుండా చివర్లో పరీక్షిస్తారు. వైద్యంలో పది గుంపులుగా విడదీసి చూసే హోస్మర్-లెమెషో పరీక్ష 1980 నుంచి వాడుకలో ఉంది. పది బదులు తొమ్మిది చేస్తే ఒక్కోసారి తీర్పే తిరగబడుతుందని వాడేవాళ్లకి తెలుసు, ఐనా వాడతారు.

1973లో ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న పట్టికలు అచ్చేశాడు. పదకొండేసి జతలు. నాలుగింటికీ సగటు ఒకటే, అతికే గీత ఒకటే, సంబంధం బలం 0.82 ఒకటే. గ్రాఫు గీస్తే ఒకటి మామూలు మబ్బు, ఒకటి విల్లులా వంపు, ఒకటి సరళరేఖ మీంచి ఒక్క చుక్క ఎగిరిపోయినట్టు, ఒకటి నిట్టనిలువు గోడ పక్కన ఒంటరి చుక్క. అంకెలకి తేడా తెలియలేదు. కెత్లే వాడి, పియర్సన్ తిట్టిన ఆ కన్నే కావాల్సొచ్చింది.

వెల్డన్ పాచికల దగ్గరికి 2009లో ఒకాయన మళ్లీ వెళ్లాడు. షికాగోలో జకరయా లాబీ అనే విద్యార్థి ఒక పెట్టె తయారు చేశాడు. అది పన్నెండు పాచికల్ని గిలక్కొడుతుంది, కెమెరా ఫొటో తీస్తుంది, కంప్యూటర్ చుక్కలు లెక్కపెడుతుంది. విసుర్లు అవే 26,306. గుమాస్తా లేడు, అనుమానాల్లేవు. వెల్డన్ లాగా ఐదూ ఆరూ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. కానీ వెల్డన్ రాసుకోనిది లాబీ యంత్రం రాసుకుంది: ఆరు ముఖాలూ విడివిడిగా. అలా చూస్తే పాచికలు పట్టుబడ్డాయి. ఒకటీ ఆరూ ఎక్కువ పడుతున్నాయి. గుంటల బరువు కథతో ఇది కుదరదు, ఒకటి చుక్క వైపు అన్నిటికన్నా బరువైన వైపు కదా. పాచికల్ని కొలిచి చూశాడు. ఒకటికీ ఆరుకీ మధ్య మందం మిగతా రెండు వైపులకన్నా ఒక పిసరు తక్కువగా ఉంది.